కర్నూలులో ఇంటి ప్లాన్ అనుమతి సేవ: డబ్బు కట్టేముందు ఫీజు కాగితం ఎలా చదవాలి

కర్నూలు నగరపాలక సంస్థ పరిధిలో ఇల్లు కట్టాలన్నా, అపార్ట్‌మెంట్ లేపాలన్నా ఇప్పుడు ఫైలు చంకన పెట్టుకుని కౌంటర్ల చుట్టూ తిరిగే పని చాలావరకు తగ్గింది. దరఖాస్తు, డ్రాయింగు, ఫీజు, చివరికి అనుమతి పత్రం, అన్నీ రాష్ట్రమంతటికీ ఒకటే అయిన డీపీఎంఎస్ ఆన్‌లైన్ వ్యవస్థలోనే నడుస్తాయి. అనంతపురంలో, కడపలో కూడా ఇదే. ఈ సేవలో జనం అందరికంటే ఎక్కువగా తడబడేది డ్రాయింగు దగ్గర కాదు, ఫీజు దగ్గర. అందుకే ఈ సమీక్షలో ఎక్కువ భాగం దానికే కేటాయించాం.

ముందుగా మా మాట. డబ్బు వసూలు చేసే పద్ధతి బాగుంది. నగదు చేతులు మారదు, ప్రతి పద్దుకూ రసీదు మిగులుతుంది. లెక్క చెప్పే పద్ధతి మాత్రం సగమే బాగుంది. ఏ పద్దు కింద ఎంత అన్నది కాగితంలో కనిపిస్తుంది గానీ, ఏ వివరం ఆధారంగా ఆ పద్దు పడిందో చదివేవాడే వెతుక్కోవాలి. ఎక్కువ కట్టినవాళ్లలో చాలామంది రేటు ఎక్కువై కట్టినవాళ్లు కాదు. దరఖాస్తులో పడిన ఒక తప్పు వివరం వల్ల కట్టినవాళ్లు.

దరఖాస్తు ఇంటి యజమాని పేరు మీద ఉన్నా, పోర్టల్‌లో పని చేసేది ఎల్‌టీపీ, అంటే లైసెన్సు ఉన్న సాంకేతిక నిపుణుడు. సేల్ డీడ్, లింకు డాక్యుమెంట్లు, ఈసీ (స్థలం మీద అప్పులు, లావాదేవీలు చూపే పత్రం), మార్కెట్ విలువ ధ్రువపత్రం, ఖాళీ స్థలం పన్ను రసీదు, స్థలం ఫొటోలు, లేఅవుట్ ఉంటే దాని కాపీ, ఇవన్నీ ఆయన చేతిలోనే ఎక్కుతాయి. డ్రాయింగు మామూలు కంప్యూటర్ గీత కాదు. స్థలం హద్దు ఒక లేయర్‌లో (పొరలో), సెట్‌బ్యాక్ గీత, అంటే కట్టడం చుట్టూ వదలాల్సిన ఖాళీ గీత, ఇంకో లేయర్‌లో, అంతస్తు విస్తీర్ణం, పార్కింగు, మెట్లు దేని లేయర్‌లో అది ఉండాలి. సాఫ్ట్‌వేర్ ఆ లేయర్లనే చదివి, కొలతలు తీసి, నిబంధనలతో సరిపోల్చి నివేదిక ఇస్తుంది. మనిషి కంటికి పార్కింగులా కనిపించేది, తప్పు లేయర్‌లో గీస్తే యంత్రానికి గది అవుతుంది. ఆ పొరపాటు నివేదికతో ఆగదు, ఫీజు లెక్కలోకి కూడా పోతుంది. తర్వాత, చివర్లో చెప్పబోయే స్వీయ ధ్రువీకరణ దారి కాకపోతే, స్థలం తనిఖీ, పత్రాల పరిశీలన. ఏదైనా లోపముంటే సరిదిద్దమని షార్ట్‌ఫాల్ నోటీసు వస్తుంది. అవన్నీ దాటాక ఫీజు ఇంటిమేషన్, అంటే ఏ పద్దు కింద ఎంత కట్టాలో చెప్పే కాగితం వస్తుంది. ఆ కాగితం వచ్చిన రోజే గాభరాగా కట్టేయకుండా, ఒక పూట దాని ముందు కూర్చోవాలి.

కాగితంలో ఏముంటుంది

ఒక మామూలు ఇంటికి వచ్చే ఇంటిమేషన్‌లో ఇవి కనిపిస్తాయి: పరిశీలన ఫీజు, భవన లైసెన్సు ఫీజు, స్థలంపై డెవలప్‌మెంట్ చార్జీ, కట్టడంపై డెవలప్‌మెంట్ చార్జీ, బెటర్‌మెంట్ చార్జీలు, లేఅవుట్ లేని స్థలమైతే ఓపెన్ స్పేస్ చార్జీ, స్థలాన్ని విడగొట్టి ఉంటే సబ్‌డివిజన్ చార్జీ, ప్రహరీ ఫీజు, రోడ్డు మీద కంకర, ఇసుక పోసుకున్నందుకు, శిథిలాలు ఎత్తినందుకు చిన్న చిన్న మొత్తాలు, కార్మిక సంక్షేమ సెస్సు. అన్ని ఇళ్లకూ అన్నీ రావు. ఏది ఎందుకు వచ్చిందో తెలిస్తేనే ఏది రాకూడదో తెలుస్తుంది.

డెవలప్‌మెంట్ చార్జీ మొదట 1975 నాటి పట్టణ ప్రాంతాల అభివృద్ధి చట్టంతో వచ్చింది, ఇప్పుడు దాని స్థానంలో 2016 నాటి మెట్రోపాలిటన్ ప్రాంతం, పట్టణాభివృద్ధి సంస్థల చట్టం ఉంది. ఒక భూమిని కొత్తగా ఒక వినియోగంలోకి తెచ్చినా, ఉన్న వినియోగాన్ని మార్చినా, దానిమీద కట్టడం కట్టినా ఈ చార్జీ పడుతుంది. అందుకే రెండు వరుసలు ఉంటాయి, స్థలానికి ఒకటి, కట్టే విస్తీర్ణానికి ఒకటి. రెండూ చదరపు మీటరు లెక్కనే. నివాసానికి ఒక రేటు, దుకాణాలకు ఒకటి, పరిశ్రమకు ఒకటి. మీ స్థలం అనుమతి పొందిన లేఅవుట్‌లోదైతే, లేఅవుట్ వేసినవాళ్లు స్థలం తాలూకు డెవలప్‌మెంట్ చార్జీని అప్పుడే కట్టి ఉండవచ్చు. లేఅవుట్ మంజూరు పత్రం కాపీ తెప్పించి, దానిలోని ఫీజుల పేరా చదవండి. అక్కడ కట్టినట్టు ఉంటే అదే భూమికి మళ్లీ ఎందుకు పడిందో ఎల్‌టీపీ ద్వారా రాతపూర్వకంగా అడగాలి. నోటిమాటగా అడిగితే నోటిమాటగానే జవాబు వస్తుంది.

బెటర్‌మెంట్ చార్జీ వేరే సంగతి. రోడ్డు, కాలువ, వీధి దీపం లాంటి సౌకర్యాలు పెట్టినందుకు గానీ, పెట్టబోతున్నందుకు గానీ తీసుకునేది ఇది. లేఅవుట్ లోపలి సౌకర్యాలది ఒక లెక్క, ఊరి మొత్తానికి సంబంధించిన బయటి సౌకర్యాలది ఇంకో లెక్క. మంజూరైన లేఅవుట్‌లో లోపలి రోడ్లు, కాలువలు వెంచర్ యజమానే వేసి అప్పగించి ఉంటాడు గనుక, లోపలి భాగం పడిందంటే కారణం చూడాల్సిందే. ఎత్తైన భవనాలకు వీటికితోడు నగర స్థాయి మౌలిక వసతుల ప్రభావ రుసుము అదనంగా వస్తుంది. అది అపార్ట్‌మెంట్ కట్టేవాళ్ల గొడవ, సొంత ఇంటివాళ్లకు అక్కర్లేదు.

అన్నిటికంటే పెద్ద వరుస: 14 శాతం

కల్లూరు వైపు, నంద్యాల చెక్‌పోస్టు దాటాక, బళ్లారి చౌరస్తా అవతల ఒకప్పుడు పొలాలను రాళ్లు పాతి అమ్మిన వెంచర్లు చాలా ఉన్నాయి. వాటిలో కొన్నవాళ్లకు అసలు దెబ్బ తగిలేది ఇంటి అనుమతి రోజున. మంజూరు లేని లేఅవుట్‌లోని స్థలానికి ప్లాటు విలువలో 14 శాతం ఓపెన్ స్పేస్ చార్జీ కింద కట్టాలి. లెక్క చూడండి. 5 సెంట్ల స్థలం అంటే 242 గజాలు. గజం విలువ ఉదాహరణకు 6,000 రూపాయలు అనుకుంటే స్థలం విలువ 14,52,000. అందులో 14 శాతం 2,03,280. ఇంటిమేషన్‌లో మిగిలిన పద్దులన్నీ కలిపినా చిన్న ఇంటికి సాధారణంగా దీని దరిదాపుల్లోకి రావు.

ఇది ఎందుకు పెట్టారో తెలుసుకుంటే కోపం ఎవరి మీద పడాలో తెలుస్తుంది. 2017 లేఅవుట్ నిబంధనల ప్రకారం లేఅవుట్ వేసేవాడు 10 శాతం స్థలం పార్కు లాంటి ఖాళీ స్థలానికి వదలాలి, రోడ్లు, కాలువలు పూర్తిచేస్తాడన్న హామీగా 15 శాతం ప్లాట్లను తనఖా పెట్టాలి. మంజూరు తెచ్చుకోకుండా అమ్మినవాడు ఆ పార్కు స్థలాన్ని కూడా ప్లాట్లుగా కోసి అమ్ముకుని వెళ్లిపోయాడు. వాడు వదలని పార్కుకు ఇప్పుడు కొన్నవాడు డబ్బు కడుతున్నాడు. నిబంధన తప్పని మేము అనం, ఆ కాలనీలో పిల్లలు ఆడుకోవడానికి ఎక్కడో ఒకచోట స్థలం కొనాలంటే డబ్బు కావాలి. కానీ ఈ భారం మోసేది మోసపోయినవాడే, మోసం చేసినవాడు కాదు. స్థలం కొనేముందే చెప్పాల్సిన విషయం ఇది. సేల్ డీడ్‌లో ‘ఎల్‌పీ నంబరు’ (లేఅవుట్ మంజూరు సంఖ్య) లేకపోతే, ఆ 14 శాతాన్ని స్థలం ధరకు కలిపి చూసుకుని బేరం ఆడాలి.

ఈ వరుసలో సరిచూడాల్సినవి మూడు. మొదటిది, అసలు ఇది మీకు వర్తిస్తుందా. ఎల్‌ఆర్‌ఎస్ (లేఅవుట్ క్రమబద్ధీకరణ పథకం) కింద క్రమబద్ధీకరణ చేయించుకుని ఉంటే ఆ ప్రొసీడింగ్స్ కాపీ దరఖాస్తుతో తప్పక ఎక్కించాలి. 2020లో వచ్చిన పథకంలో కట్టినవాళ్లు కూడా ఆ కాగితాన్ని బీరువాలో పెట్టి మరిచిపోయి, ఇంటి దరఖాస్తుకు జత చేయకపోతే వ్యవస్థకు తెలిసే దారి లేదు. 2025లో వచ్చిన ఎల్‌ఆర్‌ఎస్‌లో 2025 జూన్ 30 లోపు రిజిస్టరైన ప్లాట్లకే వీలు కల్పించారు. రెండోది, ఏ తేదీ నాటి విలువ తీసుకున్నారు. కర్నూలులో రిజిస్ట్రేషన్ విలువలు పెరిగినప్పుడల్లా పాత స్థలం, కొత్త విలువ అనే తేడా వస్తుంది. మార్కెట్ విలువ ధ్రువపత్రంలో తేదీ, సర్వే నంబరు, డోర్ నంబరు బ్లాకు సరిగా ఉన్నాయా చూడండి. మెయిన్ రోడ్డు బ్లాకు విలువ లోపలి సందుకు పడితే గజానికి వేలల్లో తేడా ఉంటుంది, దానిమీద 14 శాతం. మూడోది, ఎంత విస్తీర్ణం మీద లెక్కించారు.

గజాలు, సెంట్లు, మీటర్లు

మనవాళ్ల డాక్యుమెంట్లు సెంట్లలో, గజాల్లో ఉంటాయి. పోర్టల్ చదరపు మీటర్లలో ఉంటుంది. తప్పులు పుట్టే చోటు ఇదే. ఒక సెంటు 48.4 గజాలు, 40.47 చదరపు మీటర్లు. ఒక గజం 0.836 చదరపు మీటరు. ఇప్పుడు నలభై అడుగులకు యాభై నాలుగు అడుగుల స్థలం తీసుకోండి. 2,160 చదరపు అడుగులు, అంటే 240 గజాలు, అంటే 200.67 చదరపు మీటర్లు. నిబంధనల పట్టికలో 100 నుంచి 200 చదరపు మీటర్ల వరకు ఒక వరుస, 200 నుంచి 300 వరకు ఇంకో వరుస. ఈ స్థలం 0.67 చదరపు మీటరు తేడాతో రెండో వరుసలోకి పోయింది. సెట్‌బ్యాక్‌ల లెక్క ఇప్పుడు ఆ వరుస ప్రకారమే.

దీనికి పరిష్కారం కొలతను తగ్గించి రాయడం కాదు. అలా రాస్తే డాక్యుమెంటుతో సరిపోక షార్ట్‌ఫాల్ వస్తుంది. స్థలం మీద నాలుగు వైపులా, రెండు కర్ణాలు టేపుతో కొలిపించండి. మూలలు లంబంగా లేని స్థలాలు కర్నూలు పాతబస్తీలో కొల్లలు, నాలుగు భుజాలు సరిపోయినా కర్ణాలు కొలిస్తే విస్తీర్ణం తగ్గుతుంది. డాక్యుమెంటులో రాసిన విస్తీర్ణం, స్థలం మీద ఉన్న విస్తీర్ణం వేర్వేరైతే రెంటిలో తక్కువదాన్ని తీసుకోవడం మామూలుగా జరిగే పని. తేడా ఎక్కువగా ఉంటే సవరణ డీడ్ చేయించుకోకుండా దరఖాస్తు పెట్టవద్దు, రెండుసార్లు తిరగాల్సి వస్తుంది.

రోడ్డు వెడల్పులో పోయే భాగం మరో విషయం. మాస్టర్ ప్లాన్‌లో మీ ముందున్న రోడ్డు ఇప్పుడున్నదానికంటే వెడల్పుగా చూపించి ఉంటే, ఆ మేరకు స్థలం రోడ్డుకు వదిలి గిఫ్ట్ డీడ్ రాయాలి. సెట్‌బ్యాక్ ఆ కొత్త హద్దు నుంచే కొలుస్తారు. వదిలిన స్థలానికి టీడీఆర్ (వేరే చోట వాడుకోగల, అమ్ముకోగల నిర్మాణ హక్కు) గానీ, సెట్‌బ్యాక్‌లో సడలింపు గానీ నిబంధనల్లో ఉంది, అడిగినవాడికే అది దొరుకుతుంది. ఫీజు ఇంటిమేషన్‌లో స్థలం విస్తీర్ణం దగ్గర వదిలిన భాగం తీసేశారా, మొత్తం మీద లెక్కించారా చూడండి.

హంద్రీ, తుంగభద్ర ఒడ్డున ఉన్నవాళ్లకు ఇంకో మాట. 2009 అక్టోబరు వరదలో ఈ ఊరు ఎలా మునిగిందో చూసినవాళ్లెవరికీ దీని అవసరం విడమరచి చెప్పక్కర్లేదు. పురపాలక పరిధిలో నది హద్దు నుంచి 50 మీటర్ల లోపు, పరిధి బయట 100 మీటర్ల లోపు కట్టడాలకు నిబంధనలు ఒప్పుకోవు. పది మీటర్ల కంటే వెడల్పున్న వాగులు, కాలువలకు 9 మీటర్లు వదలాలి. అలాంటి చోట ఫీజు ఎంత అని అడగడం కంటే ముందు స్థలం ఏ గీతలో ఉందో తేల్చుకోవాలి. తనిఖీలో ఆగిపోయిన దరఖాస్తుకు కట్టిన పరిశీలన ఫీజు మీద ఆశ పెట్టుకోవద్దు. కడపవాళ్లు విమానాశ్రయం సంగతి కూడా చూసుకోవాలి, ఎత్తు విషయంలో విమానాశ్రయ ప్రాధికార సంస్థ నుంచి అభ్యంతరం లేదన్న పత్రం కావాల్సిన ప్రాంతాలు ఊరికి దగ్గర్లోనే ఉన్నాయి.

స్టిల్టు, షట్టరు

కింద పార్కింగు, పైన రెండు అంతస్తులు. మామూలుగా కర్నూలులో కొత్త ఇళ్లు ఇలాగే కడుతున్నారు. స్టిల్టును, అంటే ఆ కింది పార్కింగు అంతస్తును, పార్కింగు లేయర్‌లో గీయకుండా అంతస్తు లేయర్‌లో గీస్తే, అది నివాస విస్తీర్ణంలో కలిసి లైసెన్సు ఫీజు, కట్టడంపై డెవలప్‌మెంట్ చార్జీ, సెస్సు అన్నీ పెరుగుతాయి. ఇంటిమేషన్‌లో ఉన్న మొత్తం విస్తీర్ణం తీసుకుని, మీ ప్లాన్‌లో అంతస్తుల విస్తీర్ణాలు కాగితం మీద కూడి చూడండి. కుదరకపోతే తేడా ఎక్కడుందో డ్రాయింగు రిపోర్టులో వరుసగా కనిపిస్తుంది. ఇది పది నిమిషాల పని, ఎవరూ చేయరు.

కింద రెండు షట్టర్లు పెట్టి పైన ఇల్లు కట్టే అలవాటు నంద్యాల రోడ్డు నుంచి పాతబస్తీ దాకా ఉంది. ఇక్కడ రెండు తప్పులు జరుగుతాయి. ఒకటి, షట్టర్ల విస్తీర్ణానికి మాత్రమే పడాల్సిన వాణిజ్య రేటు మొత్తం భవనానికి పడటం. దరఖాస్తులో భవనం వినియోగం దగ్గర ‘మిశ్రమ’ అని కాకుండా ‘వాణిజ్య’ అని ఎంచుకుంటే ఇలా అవుతుంది. రెండోది దీనికి తలకిందులు, ఫీజు తప్పించుకోవడానికి షట్టర్లను హాలుగా చూపించి తర్వాత దుకాణం తెరవడం. అది అక్కడితో పోదు. అనుమతికి విరుద్ధంగా కట్టిన భవనాలకు ఆస్తి పన్ను మీద ఏటా అపరాధ రుసుము పడుతుంది: సెట్‌బ్యాక్ ఉల్లంఘన 10 శాతం లోపైతే పన్నులో 25 శాతం, దాటితే 50 శాతం, అనుమతి లేని అంతస్తుకైతే నూటికి నూరు శాతం. ఒకసారి కట్టాల్సిన చార్జీకి భయపడి ప్రతి ఏటా ఇంతా కట్టడం తెలివైన పని కాదు. క్రమబద్ధీకరణ పథకం ఎప్పుడో వస్తుందని నమ్ముకుని కట్టేవాళ్లను చూస్తే బాధేస్తుంది. ఆ పథకం వచ్చినా కట్టే మొత్తం మామూలు ఫీజు కంటే ఎక్కువే ఉంటుంది.

రెండు ఖాతాలు, రెండు రసీదులు

నగరపాలక సంస్థ ఒకటి, పట్టణాభివృద్ధి సంస్థ ఒకటి. కర్నూలుకు కుడా, అనంతపురానికి అహుడా, కడపకు అన్నమయ్య పట్టణాభివృద్ధి సంస్థ. నగరంలో ప్లాన్ మంజూరు చేసేది నగరపాలక సంస్థే అయినా డెవలప్‌మెంట్ చార్జీ లాంటివి అభివృద్ధి సంస్థ వాటాగా వేరే పద్దులో ఉంటాయి. ఇంటిమేషన్‌లో రెండు మొత్తాలు వేరుగా ఉంటే రెండూ కట్టాకే అనుమతి పత్రం వస్తుంది. ఒకటి కట్టి, డబ్బు కట్టేశామని వారం ఎదురుచూసేవాళ్లు ఉంటారు. పోర్టల్‌లో స్థితి మారలేదంటే మొదట చూడాల్సింది ఇదే.

చెల్లింపు సమయంలో ఖాతాలో డబ్బు పోయి, తెర మీద ‘విఫలం’ అని వస్తే వెంటనే రెండోసారి కట్టవద్దు. బ్యాంకు లావాదేవీ నంబరు రాసి పెట్టుకుని, బ్యాంకు పని రోజు ఒకటి గడిచాక స్థితి చూడండి. రెండుసార్లు కట్టిన డబ్బు వెనక్కి రప్పించుకోవడం, ఒకసారి ఆగడం కంటే చాలా కష్టం. ఫీజును ఎల్‌టీపీ ఖాతా నుంచి కట్టించే అలవాటు కూడా మంచిది కాదు. రసీదులో ఉన్న మొత్తం, మీరు ఆయనకిచ్చిన మొత్తం ఒకటేనా అన్నది తర్వాత తేలని లెక్క అవుతుంది. లింకు మీ దగ్గరికి తెప్పించుకుని మీ ఖాతా నుంచే కట్టండి. ఆయన సేవకు ఇవ్వాల్సిన డబ్బు వేరు, ప్రభుత్వానికి కట్టేది వేరు, రెండూ వేరుగా కనిపించాలి.

పొలం నుంచి మారిన భూమి అయితే నాలా, అంటే సాగు భూమిని వేరే వాడకానికి మార్చే అనుమతి విషయం వస్తుంది. 2006 నాటి నాలా చట్టాన్ని 2025లో రద్దు చేశారు. ఆర్డీవో దగ్గర ముందుగా మార్పిడి చేయించుకునే పని పోయి, దాని స్థానంలో భూమి విలువలో 4 శాతం బాహ్య అభివృద్ధి చార్జీగా అనుమతి దశలోనే కట్టే పద్ధతి వచ్చింది. ఇదివరకే నాలా కట్టి మార్పిడి ఉత్తర్వు తెచ్చుకున్నవాళ్లు ఆ ఉత్తర్వు కాపీని దరఖాస్తులో పెట్టకపోతే ఈ వరుస మళ్లీ కనిపించే ప్రమాదం ఉంది. పని ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు మారినప్పుడు పాత కాగితాలే కాపాడతాయి.

ఖాళీ స్థలం పన్ను కొత్తగా కొన్నవాళ్లు పట్టించుకోని పద్దు. స్థలం కొన్న నాటి నుంచి మదింపు చేయించుకోకపోతే, ప్లాన్ పెట్టిన రోజున బకాయిలన్నీ ఒకేసారి మీద పడతాయి. దానికి అభివృద్ధి చార్జీకి సంబంధం లేదు గానీ అనుమతి మాత్రం దానివల్లే ఆగుతుంది. వార్డు సచివాలయంలో మదింపు పెట్టుకోవడం కొన్న నెలలోనే చేయాల్సిన పని.

కార్మిక సెస్సు నిర్మాణ ఖర్చులో 1 శాతం. 1996 నాటి చట్టంలో పది లక్షల లోపు ఖర్చయ్యే సొంత ఇంటికి మినహాయింపు ఉండేది, 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లో ఆ హద్దు 50 లక్షలు. ఇది నగరపాలక సంస్థ డబ్బు కాదు, కూలీల సంక్షేమ నిధికి పోతుంది. మీ ఇంటి పనికి వచ్చే మేస్త్రీ, కూలీలు ఆ బోర్డులో పేరు నమోదు చేయించుకున్నారా అని ఒక మాట అడగండి, ఆ డబ్బుకు అర్థం ఉంటుంది.

స్వీయ ధ్రువీకరణతో వచ్చిన బాధ్యత

2025 నుంచి 18 మీటర్ల ఎత్తు లోపు నివాస భవనాలకు స్వీయ ధ్రువీకరణ పద్ధతి తెచ్చారు. యజమాని, ఎల్‌టీపీ కలిసి అంతా నిబంధనల ప్రకారమే ఉందని రాసిచ్చి ఫీజు కడితే అనుమతి వస్తుంది, అధికారుల తనిఖీ తర్వాత జరుగుతుంది. వేగం విషయంలో ఇది నిజంగా మేలు. కానీ ఇంతకుముందు టౌన్ ప్లానింగ్ సిబ్బంది కళ్లు పడి బయటపడే తప్పు ఇప్పుడు పునాది వేశాక బయటపడుతుంది. అనుమతి లేని లేఅవుట్ స్థలాన్ని లేఅవుట్ స్థలంగా చూపించి 14 శాతం ఎగ్గొడితే, తర్వాత వచ్చే నోటీసులో ఆ మొత్తంతోపాటు అనుమతి రద్దు కూడా ఉంటుంది. ఎల్‌టీపీ లైసెన్సూ పోతుంది. రాసిచ్చే సంతకం యజమానిది కూడా. చదవకుండా సంతకం పెట్టవద్దు.

పెద్ద భవనాలకు 2017 నిబంధనల ప్రకారం కట్టే విస్తీర్ణంలో 10 శాతాన్ని మంజూరు చేసే సంస్థకు తనఖా పెట్టాలి. కట్టడం ప్లాన్ ప్రకారం పూర్తయి, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (నివాసానికి తగినదన్న ధ్రువపత్రం) వచ్చాకే ఆ భాగం విడుదలవుతుంది. కడపలోనూ అనంతపురంలోనూ ఫ్లాట్ కొనేవాళ్లు మొదట అడగాల్సిన ప్రశ్న ఇది: తనఖాలో ఉన్న ఫ్లాట్లు ఏవి? ఆ నంబరు అనుమతి పత్రంలోనే ఉంటుంది. తనఖాలో ఉన్న ఫ్లాటును అగ్రిమెంటుతో అమ్మజూపితే ఆ బిల్డర్ దగ్గర్నుంచి లేచి వచ్చేయండి.

ఫ్లాట్ కొటేషన్లలో ‘మున్సిపల్ చార్జీలు’, ‘డెవలప్‌మెంట్ చార్జీలు’ అని చదరపు అడుగుకు ఇంత అని వేసే పద్ధతి ఉంది. ఆ పేరు వాడినప్పుడు దాని వెనక ఫీజు ఇంటిమేషన్ కాపీ, చెల్లింపు రసీదులు ఉండాలి. మొత్తం చెల్లింపును మొత్తం అమ్మకపు విస్తీర్ణంతో భాగిస్తే చదరపు అడుగుకు ఎంతో తేలుతుంది. కొటేషన్‌లో ఉన్నది దానికి రెండింతలుంటే అది చార్జీ కాదు, ధరలో భాగం. అలాగని బిల్డర్లు అందరూ అలా చేస్తారని కాదు, అడిగితే కాపీ ఇచ్చేవాళ్లు ఉన్నారు. అడగడం కొనేవాడి పని. 500 చదరపు మీటర్ల స్థలం గానీ, 8 ఫ్లాట్లు గానీ దాటిన ప్రాజెక్టుకు రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) నమోదు తప్పనిసరి గనుక, అక్కడ కూడా మంజూరు పత్రం చూసుకోవచ్చు.

కట్టిన డబ్బు ఎటు పోయింది

ఈ సేవలో మాకు అసలు నచ్చని భాగం ఇది. డెవలప్‌మెంట్ చార్జీ అని పేరు పెట్టి తీసుకున్నప్పుడు, కట్టినవాడికి తన వీధిలో ఏది డెవలప్ అయిందో చూసే హక్కు ఉంటుంది. పోర్టల్‌లో ఫీజు కట్టిన క్షణం రసీదు వస్తుంది, దాని తర్వాత ఆ పద్దు చీకట్లోకి పోతుంది. ఫలానా వార్డు నుంచి ఈ ఏడాది ఇంత బెటర్‌మెంట్ చార్జీ వచ్చింది, దానితో ఫలానా కాలువ కట్టాం అని ఒక వరుస రసీదు పక్కనే కనిపించేలా చేయడం సాఫ్ట్‌వేర్‌కు పెద్ద పని కాదు. లైసెన్సు ఫీజు రోజూవారీ ఖర్చులోకి పోతుందంటే అర్థం చేసుకోవచ్చు. ఓపెన్ స్పేస్ పేరుతో లక్షలు తీసుకుని, ఆ కాలనీకి పార్కు స్థలం ఎప్పుడు, ఎక్కడ కొంటారో చెప్పకపోవడాన్ని మాత్రం ఒప్పుకోలేం.

అంతవరకు చేతిలో ఉన్న దారి సమాచార హక్కు చట్టం. పది రూపాయల రుసుముతో ప్రజా సమాచార అధికారికి దరఖాస్తు పెట్టవచ్చు, 30 రోజుల్లో జవాబు రావాలి. అడిగేది పద్దుల వారీగా అడగాలి: ఫలానా ఆర్థిక సంవత్సరంలో మీ వార్డులోని అనుమతుల నుంచి ఓపెన్ స్పేస్ చార్జీగా వసూలైనది ఎంత, ఏ ఖాతాలో జమైంది, అందులోంచి ఖర్చయిన పనుల పేర్లు, అంచనా మొత్తాలు, పని జరిగిన చోటు. ‘మా కాలనీకి ఏం చేశారు’ అని అడిగితే జవాబు రాదు. నగరపాలక సంస్థను ఒక దరఖాస్తులో, పట్టణాభివృద్ధి సంస్థను ఇంకో దరఖాస్తులో అడగండి, ఖాతాలు వేరు గనుక. ఒకే వీధిలోని నలుగురు ఇంటి యజమానులు కలిసి తమ రసీదులు జత చేసి పెడితే, ఆ వీధి నుంచి ఎంత వెళ్లిందో ముందే మీ దగ్గర లెక్క ఉంటుంది, జవాబును దానితో సరిపోల్చవచ్చు.

ఇల్లు పూర్తయ్యాక ఒక ఫైలులో ఇవి ఉంచండి: ఫీజు ఇంటిమేషన్, రెండు సంస్థల రసీదులు, ఎల్‌ఆర్‌ఎస్ లేదా లేఅవుట్ ఉత్తర్వు, నాలా ఉత్తర్వు ఉంటే అది, గిఫ్ట్ డీడ్, డిజిటల్ సంతకం ఉన్న ప్లాన్ ముద్రిత కాపీ, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్. పైన ఇంకో అంతస్తు వేయాలనుకున్న రోజున కొత్త దరఖాస్తులో స్థలంపై డెవలప్‌మెంట్ చార్జీ, ఓపెన్ స్పేస్ చార్జీ మళ్లీ పడకుండా ఆపేది ఈ రసీదులే.